బేతాళుడు పెద్దలను ప్రశ్నించినప్పుడు

మదరాసునుండి అరక్కోణము మీదుగా రేణిగుంటకు పోవు రైలుదారిలో మొదట తిరువళ్లూరును, పిమ్మట తిరుత్తణియును తగులును. ఈ రెండు పట్టణముల పరిసరములందును, తిరుత్తణికి ఆవల పళ్లిపట్టు, పొదటూరుపేట, రామకృష్ణరాజుపేటల వరకును వ్యాపించియున్న పల్లెలలో తెలుగు మాటలాడు కుటుంబములును, తమిళము మాటలాడు కుటుంబములును ఒకే వీధిలో కాపురముండుట తరతరములుగా వచ్చుచున్న సంగతి. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మదరాసులో తెలుగున ‘చందమామ’ను, తమిళమున ‘అంబులిమామ’ను ప్రారంభించిన తరువాత, ఇట్టి వీధులలోని ఇరుగుపొరుగు పిల్లలకు ఒకే కథను, ఒకే బొమ్మలతో, రెండు లిపులలో చదువుకొను భాగ్యము కలిగినది. కత్తి చేతబట్టి, శవమును భుజమున వేసికొని, శ్మశానమార్గమున నడచుచున్న విక్రమార్కుని చిత్రకారుడు శంకర్ గీసిన తీరు ఎరుగనివారు ఆ తరమున ఉభయభాషలలోను అరుదు.

అట్టి బాల్యపఠనము పెద్దతనమున ఏమగును? చాలమంది విషయమున అది మధురస్మృతిగా మిగిలి ఊరకుండును. కాని కొందరు రచయితలు తమ పసితనపు సాహసకథను మరల చేతికెత్తుకొని, దాని నడకను, ఒరవడిని, పాత్రలను అట్లే నిలిపి, లోపలి విషయమును మాత్రము పెద్దల లోకమునుండి తెచ్చి నింపుదురు. రాజకుమారుడున్నచోట పదవి నాశించువాడు వచ్చి నిలుచును. నిధియున్నచోట ఎన్నికల టికెట్టు మెరయును. మాంత్రికుడున్నచోట మాటలతో మాయచేయు నాయకుడు ప్రత్యక్షమగును. పెద్దల కొరకైన పేరడీ యనగానే అశ్లీలము స్ఫురించుట ఈ కాలమున కొందరికి అలవాటైనది గాని, పిల్లలకు చెప్పరాని విషయము శృంగారమొక్కటే కాదు. అప్పు, లంచము, పదవీవ్యామోహము, తెలిసియు నోరు మెదపని పిరికితనము, ఇవియన్నియు పిల్లలకింకను తెలియని విషయములే. మంచి పేరడీకి ముడిసరకు ఇవియే.

తెలుగున పేరడీ యన్న పేరు ప్రసిద్ధికెక్కుటకు ముఖ్యకారకుడు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి. జరుక్ శాస్త్రిగా పేరొందిన ఆ మహాశయుడు తన సమకాలిక కవుల గొంతులను పట్టుకొని వారి ధోరణిలోనే వ్రాసి, వారిచేతనే మెప్పు పొందెను. అది కవులను గూర్చిన పేరడీ. పిల్లల కథలను పెద్దల కథలుగా తిప్పిన పని మాత్రము విశేషముగా ముళ్లపూడి వెంకటరమణ చేతిమీదుగా జరిగినది.

రమణ 1931లో ధవళేశ్వరమున జన్మించి, బాల్యముననే మదరాసు చేరినవాడు. అతని మొదటి కథ 1945లో అచ్చైనది ‘బాల’ యను పిల్లల పత్రికలో. రేడియో అన్నయ్యగా ఆంధ్రదేశమంతయు ఎరిగిన న్యాయపతి రాఘవరావు మదరాసునుండి నడపిన పత్రిక అది. ఈ సంగతిని నేను చాల ముఖ్యమైనదిగా భావించుచున్నాను. పిల్లల పత్రికలో పిల్లవాడుగా వ్రాసినవానికి పిల్లల కథ యొక్క కీళ్లు ఎచ్చట ఉన్నవో తెలియును, ఏ కీలు ఎంత వంగునో తెలియును. 1953లో ఆంధ్రపత్రికలో ఉపసంపాదకుడుగా చేరిన పిమ్మట, రాజకీయములను చలనచిత్రరంగమును ప్రతిదినము దగ్గరనుండి చూచుచు, తాను చూచినదానిని నేరుగా చెప్పుటకు బదులు, పిల్లలందరకు తెలిసిన పాతకథల అచ్చులో పోసి చెప్పుట అతని మార్గమైనది. రాజకీయములపై వ్రాసినదానికి ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ యనియు, చలనచిత్రలోకముపై వ్రాసినదానికి ‘విక్రమార్కుని మార్కు సింహాసనం’ అనియు పేరులు పెట్టెను. చలనచిత్రములను గూర్చియే వ్రాసిన మరియొకదానికి గురజాడవారి గిరీశము నరువు దెచ్చుకొని ‘గిరీశం లెక్చర్లు’ అనెను గాని, అది పిల్లల కథ కాదు గనుక ఇచ్చట దాని జోలికి పోను.

బేతాళకథలను పిల్లల కథలనుట సగము నిజము మాత్రమే. 11వ శతాబ్దమున కాశ్మీరదేశమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో ఇవి రాణి సూర్యవతి వినోదార్థము చెప్పబడినవి. అందలి రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని రాజధాని గోదావరీతీరమునందలి ప్రతిష్ఠానము. క్షాంతిశీలుడను భిక్షువు దినమునకొక పండు తెచ్చి కానుకగా నిచ్చుటయు, ఆ పండ్లలో రత్నములుండుటయు, దానికి ప్రత్యుపకారముగా శింశుపావృక్షమున వ్రేలాడు శవమును తెచ్చుటకు రాజు పూనుకొనుటయు, శవము నావహించిన బేతాళుడు దారిపొడవునను కథలు చెప్పి చిక్కుప్రశ్నలు వేయుటయు అందరెరిగినవే. ఆ ప్రశ్నలు పసివారికి వేయదగినవి కావు. భర్త తలయు, తన సోదరుని తలయు తెగిపడగా, తొందరపాటున ఆ తలలను తారుమారుగా అతికించిన స్త్రీకి ఇక నెవడు భర్తయను ప్రశ్నను థామస్ మాన్ 1940లో జర్మను భాషలో నవలికగా మలచెను. దాని నుండియే గిరీశ్ కర్నాడ్ 1971లో ‘హయవదన’ నాటకమును నిర్మించెను. రాణీవాసపు పెద్దలకు చెప్పిన ఈ కథలను పిల్లలకు తగినట్లు తీర్చి, మూలమునందలి కథలు అయిపోయిన తరువాత అదే చట్రములో వందలకొలది క్రొత్తకథలను అల్లించి, నెలనెలా ఇంటింటికి చేర్చినది చందమామ. 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రికాసంపాదకత్వమున చేసిన కృషిలో ఇది చిన్నభాగము కాదు. కావున రమణ చేసినది పసివారి సొత్తును పెద్దలు లాగుకొనుట కాదు. పెద్దల యింటినుండి పిల్లల యింటికి పోయి, అచ్చట పెరిగి, అందరి నోట నలిగిన కథను మరల పెద్దల ముంగిటికి పిలుచుకొని వచ్చుట.

ఈ చట్రమును రమణ ఎన్నుకొనుటలోని ఔచిత్యమును కొంత నిలిచి చూడవలసియున్నది. బేతాళుని షరతులో రెండు చిక్కులు కలవు. సమాధానము తెలిసియు చెప్పనిచో రాజు తల వ్రక్కలగును; చెప్పినచో మౌనభంగమగుటచేత శవము మరల చెట్టెక్కును. అనగా సత్యము పలికినవానికి పని చెడును, పలుకనివానికి ప్రాణము పోవును. పసితనమున ఇది మనకొక వినోదపు ఆటగా తోచును. కాని రాజకీయములలో నున్నవాని స్థితిని ఇంతకన్న సూక్ష్మముగా వర్ణించిన శాస్త్రగ్రంథము నేనెరుగను. అచ్చట అందరికిని అన్నియు తెలియును. పలికినవాడు పదవి పోగొట్టుకొనును. పలుకనివాని తల మాత్రము పగులుట లేదు. కథలోని న్యాయమునకును లోకములోని న్యాయమునకును గల ఈ ఒక్క వ్యత్యాసము పాఠకుని మనస్సులో మెదలినచాలు, వ్యంగ్యము తనంతట తానే పుట్టును. రచయిత వేరుగా నిందింప నక్కరలేదు. నాయకుని తిట్టిపోయు వ్యాసమును చదివినవాడు ‘ఇది ప్రతిపక్షమువాని వ్రాత’ యని పక్కకు నెట్టగలడు. చిన్ననాడు తాను ప్రేమించిన కథ తననే ప్రశ్నించినప్పుడు నెట్టుట కష్టము. ఏలయన ఆ కథలోని న్యాయమును తాను పూర్వమే అంగీకరించియున్నాడు. ఇందుచేతనే పేరడీ పిల్లల పుస్తకమును అవమానించుననుట పొరపాటని నేననుచున్నాను. బాల్యమున నమ్మిన ధర్మమును గజకోలగా తీసికొని పెద్దల లోకమును కొలుచుటయే దాని పని.

సింహాసనపు కథలకును ఇదే నీతి వర్తించును. 15వ శతాబ్దమున కొరవి గోపరాజు పద్యకావ్యముగా తెలిగించిన సింహాసన ద్వాత్రింశికలో, విక్రమార్కుని గద్దెనెక్కబోయిన భోజరాజును ముప్పది రెండు సాలభంజికలు ఒక్కొక్కటియు అడ్డగించి, ‘ఈ గుణము నీకున్నదా’ యని నిలదీయును. అర్హతను అడుగు గద్దె అది. పేరునకై, బొమ్మకై, పెద్దపీటకై పోటీపడు చలనచిత్రలోకమునకు ఆ గద్దెను తెచ్చి చూపుటకన్న గడుసుతనము వేరొకటి కలదా? ఆ లోకమును లోపలనుండి ఎరిగి, స్వయముగ చిత్రములకు వ్రాసి, బాపుతో కలిసి చిత్రములు నిర్మించినవాడు దానిని గూర్చి పలికినందున ఆ పలుకునకు బరువు హెచ్చినది.

రమణ పత్రికలో పనిచేయుచున్న ఆ సంవత్సరములలోనే తిరుత్తణి స్వయముగ ఒక బేతాళప్రశ్న యయ్యెను. చిత్తూరు జిల్లాలో భాగముగా అది 1953లో ఆంధ్రరాష్ట్రమునకు వచ్చినది. మ.పొ. శివజ్ఞానము ప్రభృతులు దానిని తమిళులకు చేర్చవలెనని గట్టి ఉద్యమము సాగించిరి. పటాస్కరు మధ్యవర్తిత్వము జరిగి, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టము ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగము మదరాసు రాష్ట్రమునకును, పొన్నేరి తాలూకానుండి సత్యవేడు మున్నగు గ్రామములు ఆంధ్రప్రదేశమునకును మారెను. ఇంటిలోని భాష ఒకటియు, కచేరిలోని భాష మరియొకటియు నైన గ్రామస్థునకు, తల మారిన దేహపు కథ పిల్లల కథగా మిగులునా? తలయే ప్రధానమని త్రివిక్రమసేనుడు తీర్పు చెప్పెను. ఇచ్చటి జనులలో ఆ తీర్పునకు తలయూపినవారును కలరు, దేహమునకు జ్ఞాపకముండదా యని అడిగినవారును కలరు.

అచ్చుపుస్తకములకు మునుపే ఈ ప్రాంతపు జనులకు సాహసకథలను నవ్వులో ముంచి ఆస్వాదించు విద్య కరతలామలకము. చిత్తూరు, తిరుత్తణి, ఉత్తరార్కాటు సీమల పల్లెలలో ద్రౌపదమ్మ గుడుల ముంగిట వేసవిలో జరుగు భారత ఉత్సవములందు పగలు హరికథాశ్రవణమును, రాత్రి కూత్తు లేక వీధినాటకమును జరుగును. బకాసురవధనాడు భీముడు అన్నపుబండి నెక్కి ఊరి వీధులవెంట పోవును. తపస్సుమానుపై అర్జునుడు ఎక్కుచుండగా జనులు క్రింద నిలిచి మ్రొక్కుదురు. కడపటి దినమున మట్టితో పోసిన దుర్యోధనుని పెద్దబొమ్మ యొద్ద యుద్ధము ముగియును. ఇవి పిల్లలు నోరు తెరచి చూచు వీరగాథలు. కాని అదే వేదికపై తమిళులు కట్టియక్కారన్ అని పిలుచు విదూషకుడు మొదటినుండి కడవరకు నుండును. అందరికన్న ముందు వచ్చువాడు వాడే. రాజు రాగానే ‘ఎవరయ్యా నీవు, ఏ ఊరు, ఏ పనిమీద వచ్చితివి’ యని అడుగువాడును వాడే. రాజు పద్యమున పలికినదానికి వాడు ఊరి వాడుకమాటలో బదులు చెప్పును. ద్వాపరయుగపు సభలో నిలుచుండి, నేటి ధరలను, నేటి అధికారులను, ఎదుట కూర్చున్న పెద్దలను కూడ తాకుచు మాటలు విసరును.

వీని పరిహాసములలో కొన్ని పసివారికి బోధపడవు, కొన్ని బోధపడరాదు. తల్లి ఒడిలో నిద్రకు జోగుచున్న బిడ్డకు భీముని గద కనబడుచుండగా, ప్రక్కన కూర్చున్న తండ్రికి పన్ను వసూలుదారు కనబడును. ఒకే నాటకము, ఒకే క్షణమున, రెండు వయస్సులవారికి రెండు కథలుగా నడచును. అంతమాత్రమున భక్తికి లోపము రాలేదు. విదూషకుని మాటకు పడిపడి నవ్వినవారే తెల్లవారిన పిమ్మట పసుపుబట్ట కట్టి అగ్నిగుండము త్రొక్కుదురు. వీరగాథను పరిహసించినచో వీరునియందు గౌరవము నశించునని భయపడు విమర్శకులు ఈ ఉత్సవములనొకసారి చూడవలెనని నా మనవి. నవ్వుటకు ధైర్యము చాలినది ఆ కథ తమదేయను నమ్మకమున్నందుననే గదా. రమణ కూత్తు చూచి నేర్చెనని నేననను. కాని అతని బేతాళుడును, ఈ కట్టియక్కారుడును ఒకే వంశమువారు. ఇద్దరును రాజునకు అడ్డుతగిలి ప్రశ్నించువారే.

పాశ్చాత్యదేశములలో ఈ ప్రక్రియ చరిత్ర వేరొక త్రోవ పట్టినది. 1726లో స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రలు ఆనాటి సముద్రయాత్రాగ్రంథములకు పేరడీగాను, రాజకీయములపై తీవ్రవ్యంగ్యముగాను పెద్దల కొరకు పుట్టి, కాలక్రమమున సంక్షిప్తమై పిల్లల పుస్తకమైనది. లిల్లిపుట్టుల కథను బడిలో చదివినవారు అందలి చురకలను పెద్దయైన తరువాతగాని కనుగొనరు. దీనికి విపర్యయముగా, బాలంటైన్ 1850లలో వ్రాసిన ‘కోరల్ ఐలండ్’ను, అనగా ఓడ మునిగి దీవి చేరిన ముగ్గురు కుర్రవాండ్ర సచ్ఛీలమును సాహసమును కీర్తించిన పుస్తకమును, విలియం గోల్డింగ్ 1954లో ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’గా తలక్రిందులు చేసెను. రాల్ఫ్, జాక్ అను పేరులను కూడ మార్చక, అట్టి బాలురే అట్టి దీవిలో ఎట్లు క్రూరులగుదురో చూపెను. అందు నవ్వు లేదు. రెండవ ప్రపంచయుద్ధమున నౌకాదళమున పనిచేసి వచ్చినవానికి బాలంటైన్ దీవిని నమ్ముట సాధ్యము కాలేదు. ఇక ఎనిడ్ బ్లైటన్ 1942 మొదలు 1963 వరకు ఇరువదియొక్క పుస్తకములుగా వ్రాసిన ‘ఫేమస్ ఫైవ్’ కథలను 1982 నవంబరు 2న, చానెల్ ఫోర్ టెలివిజన్ ఆరంభమైన రాత్రియే ఒక హాస్యబృందము పేరడీ చేసెను. 2016లో బ్రూనో విన్సెంట్ ఆ పాత్రలనే నడివయస్సునకు దగ్గర చేసి, మద్యపానము మానుట, ఐరోపా కూటమిని విడుచుట మొదలగు చిక్కులలో పడవేసి వరుసగా చిన్నపుస్తకములు వెలువరించెను. అవి బాగుగ అమ్ముడుపోయినవి. పండుగనాడు బహుమతిగా ఇచ్చిపుచ్చుకొను హాస్యముగా అవి చెల్లును గాని, గోల్డింగ్ ప్రక్కను గాని, మన రమణ ప్రక్కను గాని వానిని నిలుపజాలను. వయస్సు మార్చుట తేలిక. ధర్మమును పరీక్షకు పెట్టుట కష్టము.

తమిళదేశమున ఈ పని నేడు ఎక్కువగా చలనచిత్రముల ద్వారా జరుగుచున్నది. చింబుదేవన్ 2006లో వడివేలు నాయకుడుగా తీసిన ‘ఇమ్సై అరసన్ 23ఆం పులికేసి’ పిల్లలు చదువు రాజుల కథల వేషమున వచ్చిన పెద్దల ప్రహసనము. 2017లో పుష్కర్–గాయత్రి దంపతులు తీసిన ‘విక్రమ్ వేదా’లో విక్రముడు పోలీసు అధికారియైనాడు, బేతాళుడు నేరస్థుడైనాడు, పట్టుబడిన ప్రతిసారియు నేరస్థుడొక కథ చెప్పి, చివర నొక ధర్మసందేహమును అధికారి ముందుంచును. ఇది పరిహాసము కాకున్నను, రమణ నడచిన దారిలోనిదే. తిరువళ్లూరు చిత్రశాలలలో దానిని చూచిన తెలుగువారికిని తమిళులకును చట్రమును వివరింప నక్కర లేకపోయినదన్నచో, ఆ ఋణము చందమామ, అంబులిమామలదే.

నా ఆందోళన అంతయు ఇచ్చటనే మొదలగుచున్నది. పేరడీ ఎప్పుడును మూలము యొక్క పాఠకులపై ఆధారపడి బ్రతుకును. బేతాళుడెవరో ఎరుగనివానికి ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ సగము మూగదియగును. చందమామ గత దశాబ్దమున ఆగిపోయినది. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు మొదలగు ధారావాహికలతో మూడు తరముల బాలురను ఊపిరి బిగబట్టించిన దాసరి సుబ్రహ్మణ్యము 2010లోను, రమణ 2011లోను, బాపు 2014లోను గతించిరి. నవలలుగా వచ్చిన సాహసకథలకును అదే గతి పట్టుచున్నది. స్టీవెన్‌సన్ నిధిద్వీపమును ‘కాంచనద్వీపం’గా తెలిగించిన నండూరి రామమోహనరావుగారి పేరు నేటి బడిపిల్లలలో ఎందరికి తెలియును? తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పాఠశాలలలో తమిళమును తప్పనిసరి చేసిన పిమ్మట, తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతపు తెలుగు కుటుంబములలోని బాలలు కొందరు తెలుగును మాటలాడగలరు గాని చదువలేకున్నారు. రాష్ట్రభాషను నేర్చుట వారికి మేలే. నేను దానిని కాదనుట లేదు. కాని ఇంటిభాషలో ఒక్క సాహసకథనైనను అక్షరములు కూడబలుకుకొని చదువని బిడ్డకు, ఇరువదియేండ్ల తరువాత రమణ చేతికి వచ్చినప్పుడు, పేజీ తెల్లకాగితమువలె కనబడునని చెప్పుటకు సంకోచింపను.

దీనికి చేయదగిన పని యొకటి కలదు. అది పెద్ద పనియును కాదు. రమణ రచనలన్నియు ఎం.బి.ఎస్. ప్రసాద్ సంపాదకత్వమున విశాలాంధ్రవారు సాహితీసర్వస్వముగా సంపుటములలో వెలువరించిరి. ఈ సంపుటములను, వాని ప్రక్కన సంపాదింపగలిగినన్ని పాత చందమామ సంచికలను, అదే మాసపు అంబులిమామలు దొరకినచో వానిని కూడ, తిరుత్తణిలోను తిరువళ్లూరులోను గల గ్రంథాలయములలో ఒకే అరలో ఉంచవచ్చును. వేసవి సెలవులలో తాతలు, అమ్మమ్మలు వచ్చి, బొమ్మ ఒకటియే గనుక తమిళప్రతిని చూచుకొనుచు తెలుగుప్రతిని చదువుట మనుమలకు నేర్పవచ్చును. ఆ బాలురు మొదట శవమును చూచి భయపడవలెను, రాజు మౌనము వీడినప్పుడెల్ల అయ్యో యనవలెను, చివరి చిక్కుప్రశ్నకు, అనగా తండ్రి యొక స్త్రీ కూతును, అతని కొడుకు ఆ స్త్రీని పెండ్లియాడగా పుట్టిన సంతానమునకు వావి యేమి యను ప్రశ్నకు, నిజముగానే సమాధానము తెలియక రాజు ఊరకుండగా బేతాళుడు సంతోషించి భిక్షువు కుట్రను బయటపెట్టి అతని ప్రాణము కాపాడిన ఘట్టమువద్ద ఆగి ఆలోచింపవలెను. తెలియనప్పటి మౌనమునకు రక్షణ దొరకినది, తెలిసినప్పటి మౌనమునకు మాత్రము శిక్ష నిర్ణయింపబడినది. ఓటు వేయు వయస్సు వచ్చిన పిమ్మట అదే అరనుండి ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ని వారే తీసికొందురు, ఎవరును చేతికందింప నక్కరలేదు.